వంకర ముక్కు చిలక

ఊరందరికీ ఆ కొత్త కళ్లద్దాలు వచ్చాక శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మ బాగాలేదన్నవాళ్లే లేరు. ఎవరికేది ఇష్టమో అద్దాలు వాళ్లకు అదే చూపించేవి. మునిలక్ష్మి చిలకను గీస్తే ఒకరు నెమలిని చూసి మురిసిపోయేవారు, ఇంకొకరు తమ పెళ్లినాటి పల్లకీని చూసి కళ్లు ఒత్తుకునేవారు. పొగడ్తలకు కొదవే లేదు. ఆమె చిలకను చూసినవాళ్లే పదేళ్లుగా ఒక్కరూ లేరు.

అయినా ఆమె మాత్రం అద్దాలు తీసి పక్కనబెట్టి, వాళ్లమ్మ నేర్పిన ఆ చిలకనే గీసుకునేది, ముక్కు కాస్త పక్కకు వంకరగా.

ఆ ఉదయం పెరట్లో గంగాళంలో రంగుబట్టలు ఉడుకుతుంటే ఎదురింటి చెంగమ్మ సాయానికొచ్చింది. ఆవిరికి ఆమె అద్దాలు మసకబారాయి. వాటిని తీసి కొంగుతో తుడుచుకుంటూ, తీగ మీద ఆరుతున్న గుడ్డను చూసి మొహం చిట్లించింది.

"ఇదేందక్కా, చిలక్కి ముక్కు ఇట్లా వంకర పొయ్యింది? ఏం బాగలేదు."

బట్టలు కలియబెడుతున్న కర్ర మునిలక్ష్మి చేతిలోంచి జారిపోయింది. చెంగమ్మ అద్దాలు మళ్లీ పెట్టుకోబోతే గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"అప్పుడే పెట్టుకోవద్దు చెంగమ్మా. ఇంకా ఏమేం బాగలేదో చెప్పు."