ఫుట్‌నోట్ లేని వాక్యం

“పరిశోధనంటే ఇదీ!” అంటూ ప్రొఫెసర్ చేతిలోని కాగితాలను క్లాసందరికీ ఊపి చూపించారు. “సదస్సుకి మన డిపార్ట్‌మెంట్ నుంచి ఈ ఒక్క వ్యాసమే వెళ్తుంది. మిగతావాళ్ళు చదివి బుద్ధి తెచ్చుకోండి.”

అందరూ చప్పట్లు కొట్టారు. ‘సెకండ్’ అరచేతులు కూడా కలిశాయి గానీ చప్పుడు రాలేదు. ఎన్ని పరీక్షలు రాసినా రెండో స్థానం దాటదు కాబట్టి హాస్టల్లో ఆమెకా పేరు పడింది. ఆ వ్యాసం రాసిన ‘ఫస్ట్’ ఆమె రూమ్మేటే.

సాయంత్రం ఫస్ట్ ఒక కాపీ తెచ్చి ఆమె మంచం మీద పెట్టింది. “ఉంచుకోవే. నీకేమైనా పనికొస్తుందేమో.”

పొగరుగా అన్నా బాగుండేది. ప్రేమగా అంది. సెకండ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు సెలవు ఎలా అడుగుతారన్నది ఆ వ్యాసం. అడుగున నలభై ఫుట్‌నోట్లు. నలభైలో ఒక్కటైనా దొంగది కాకపోతుందా, పట్టుకుని క్లాసులో దీని పరువు తీయకపోతానా అనుకుంది.

మర్నాడే లైబ్రరీకి పోయి లైబ్రేరియన్ ముందు కాగితాలు పరిచింది. “మేడమ్, ఇందులో రాసినవన్నీ నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?”

లైబ్రేరియన్ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, కుర్చీ లాగి కూర్చోబెట్టారు. కేటలాగులో వెతకడం, నంబరు పట్టుకుని అర దగ్గరికి వెళ్ళడం, బైండు చేసిన పాత పత్రికల్లో సంచిక తీయడం, ఇక్కడ లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించుకోవడం, అన్నీ ఓపిగ్గా చూపించారు. “ఎవరో చెప్పారని రాస్తే, ఆ చెప్పినవాళ్ళ దగ్గరికే పోవాలమ్మా. మధ్యవర్తి మాట నమ్మకూడదు.”

అంతవరకూ లైబ్రరీ అంటే ఫ్యాను కింద కునుకు తీసే చోటనే తెలిసిన సెకండ్, మూడు వారాలు అక్కడే పాతుకుపోయింది. పుస్తకాల దుమ్ముకి ముక్కు కారుతున్నా లేవలేదు. ఒకటో ఫుట్‌నోటు సరిపోయింది. పదోదీ సరిపోయింది. ఇరవయ్యోది పేజీ నంబరుతో సహా సరిపోయింది. సరిపోయినకొద్దీ ఆమె కడుపు రగిలిపోయింది.

ఆఖరిది, నలభయ్యోది, ప్రొఫెసర్ గారి పుస్తకమే. ఆయనకు పేరు తెచ్చిపెట్టిన పుస్తకం. అందులోని మాటల్ని ఫస్ట్ ఎక్కడా తేడా లేకుండా ఎత్తి రాసింది: ‘పనిమనిషి తనకు జ్వరమని సెలవు అడగదు. పిల్లకు జ్వరమని అడుగుతుంది. తన జ్వరానికి ఆ ఇంట్లో విలువ లేదని ఆమెకు తెలుసు.’

సెకండ్ పుస్తకం మూసి బల్ల మీద తల ఆనించింది. “అయిపోయింది మేడమ్. జ్వరం గురించి సార్ రాసిన మాటతో సహా అన్నీ నిజాలే.”

“సార్ ఆ మాట కింద ఏ ఫుట్‌నోటు వేశారు?”

“ఏదీ లేదు. తానే నూట పన్నెండు మంది పనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగానని రాసుకున్నారు.”

“నలభై చూసినదానివి, దీన్ని మాత్రం ఎందుకు వదిలేస్తావు?” అని లైబ్రేరియన్ తన పనిలో పడ్డారు.

సెకండ్‌కి విసుగొచ్చింది. అయినా మూడు వారాల అలవాటు ఊరుకోనివ్వలేదు. అచ్చుకాని థీసిస్‌లు పెట్టే గది పై అంతస్తులో ఉంది. కేటలాగులో ‘ఇంటిపని’ అన్న కార్డు మీది నంబరు పట్టుకుని వెళితే, అట్ట ఊడిపోయిన టైపు ప్రతి ఒకటి దొరికింది. ప్రొఫెసర్ పుస్తకం కంటే రెండేళ్ళు పాతది. డెబ్బై ఒకటో పేజీలో అదే జ్వరం. అదే పిల్ల. అదే నూట పన్నెండు మంది. వెనకాల నూట పన్నెండు మంది వేలిముద్రలూ ఉన్నాయి. మొదటి పేజీలో రాసినావిడ పేరు, దాని కింద ‘పర్యవేక్షణ’ అని ప్రొఫెసర్ పేరు.

ఎలుక కోసం తవ్వితే పాము బయటపడింది.

సెకండ్ ఆ వేలిముద్రల్ని చాలాసేపు చూసింది. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, గుమ్మాల దగ్గర కూర్చుని, ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్న మనిషి. తనకు కనీసం రెండో స్థానమైనా ఉంది. ఈవిడకు ఏ స్థానమూ లేదు. ఫస్ట్ సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తుకైనా రాలేదు.

మెట్లు రెండేసి దిగుతూ వచ్చి, ఆ ప్రతిని లైబ్రేరియన్ బల్ల మీద పెట్టింది. రొప్పుతూనే అడిగింది. “మేడమ్, సార్ ఈవిడ సొత్తంతా మింగేశారు! ఈవిడకి తెలుసో లేదో. అసలు ఉన్నారో లేరో. పుస్తకాల్ని వెతకడం నేర్పారు కదా, మనుషుల్ని వెతకాలంటే ఏ కేటలాగు చూడాలి?”

లైబ్రేరియన్ ఊడిన అట్టను నెమ్మదిగా సరిచేసి, మొదటి పేజీలోని ఆ పేరు మీద వేలుంచారు.

“వెతకక్కర్లేదమ్మా. ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలోనే కూర్చుని, నీ అంత కుళ్ళుబోతు ఒక్కరైనా రాకపోతారా అని ఎదురుచూస్తున్నాను.”