రెండో లైటు

"తల కదపకమ్మా. చూపు నా మీదే ఉండాలి" అంది కూతురు చిట్టి, కెమెరా వెనకనుంచి.

తల్లి స్టూలు మీద బిగుసుకుపోయి కూర్చుంది. ఒళ్ళో రెండు చేతులూ చెమటతో తడిసిపోతున్నాయి. చుట్టూ నల్లగుడ్డ కట్టిన గది, నేలంతా తీగలు. ఏ తీగ తొక్కితే ఏమవుతుందోనని లోపలికి వచ్చేటప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచింది. అంత జాగ్రత్తగా నడిచినా ఎడమ భుజం ఒక స్టాండుకి తగిలి, అది ఊగి, ప్రాణం గొంతులోకి వచ్చింది. ఈమధ్య ఇంట్లో గుమ్మాలు కూడా ఇలాగే తగులుతున్నాయి. నీ కంగారుకి గోడలు కూడా పక్కకి తప్పుకోవాలా అని మొగుడు వేళాకోళం చేస్తూనే ఉన్నాడు.

కెమెరా వెనక కుర్చీలో స్టూడియో యజమాని కూర్చున్నాడు. చిట్టికి ఆయన ఆరునెలలుగా పని నేర్పుతున్నాడు. ఇవాళ పరీక్ష. లైట్లు తనే పెట్టుకుని, తనే పది ఫోటోలు తీయాలి. బాగుంటే రేపటినుంచి ఈ స్టూడియోలో ఫోటోగ్రాఫరు. లేకపోతే నాన్న చెప్పినట్టు బట్టల కొట్లో కూర్చోవడమే. కుర్రమొహాన్ని ఎవరైనా తీస్తారు, ముడతలున్న మొహాన్ని తీసుకురా అని యజమాని అన్నాడట. అందుకే అమ్మని లాక్కొచ్చింది.

పది ఫోటోలు అయ్యేదాకా తను నోరు విప్పనని యజమాని ముందే చెప్పేశాడు.

చిట్టి కుడిపక్కకి వెళ్ళి పెద్దలైటు వేసింది. తెల్లగుడ్డ తొడిగిన పెట్టెలోంచి వెలుగు గుప్పుమని మొహమ్మీద పడింది. అది పేలుతుందేమోనని తల్లి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తరవాత పిల్ల ఎటు వెళ్ళిందో తెలియలేదు. ఎడమవైపు ఏదో జరిపిన చప్పుడయింది, అంతే. ఉన్నట్టుండి చెవి పక్కనే పైట సర్దుతున్న చెయ్యి తగిలేసరికి ఉలిక్కిపడింది.

"ఇక్కడే నిలబడ్డాను కదమ్మా. దెయ్యాన్ని చూసినట్టు అదిరిపడతావేం?"

"చెప్పి రావచ్చు కదే" అంది తల్లి, గుండె మీద చెయ్యి వేసుకుని.

కెమెరా మొదటిసారి క్లిక్కుమంది. అప్పుడు తట్టింది ఆవిడకి. ఎడమవైపు చీకటిగా ఉంది.

నెలరోజులుగా ఇంట్లో చిట్టి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన పాఠం అదే. టేబుల్ లైటు పక్కన బంగాళాదుంప పెట్టి మరీ చూపించింది. ఒక్క లైటే పెడితే సగం మొహం నల్లగా చచ్చిపోతుంది. అందుకని రెండోపక్క ఇంకో లైటు తక్కువ వెలుగుతో పెట్టి ఆ నీడని మెత్తబరచాలి. తనకంటే ముందు పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషి ఓ రోజు ఆ రెండో లైటు వెయ్యడం మరిచిపోతే, యజమాని ఆ సాయంత్రమే రేపటినుంచి రావద్దన్నాడట.

తక్కువ వెలుగు అంటే మరీ ఇంత తక్కువా? తల్లి సర్దిచెప్పుకోబోయింది. కాదు, అటువైపు వెలుగే లేదు. పిల్ల కంగారులో మరిచిపోయింది. తన కంగారే దానికీ వచ్చింది, ఇంకెక్కడికి పోతుంది?

రెండోది. మూడోది. తల తిప్పి చూద్దామంటే తిప్పకూడదు. కళ్ళు పెద్దవి చేసి సైగ చేసింది.

"అమ్మా, కళ్ళు మామూలుగా పెట్టు."

ఒళ్ళో ఉన్న ఎడమచేతి వేళ్ళతో అటు చూడమన్నట్టు ఆడించింది. చేతులు కదపొద్దంది చిట్టి. నాలుగు. ఐదు. యజమాని ముందుకు వంగి, కెమెరాకి కలిపిన తెరలోకి చూస్తున్నాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చూసేశాడు. అయిపోయింది. మొగుడితో మూడునెలలు పోట్లాడి పిల్లని ఇక్కడ చేర్పించింది ఇందుకా? కొట్లో గుడ్డలు మడతపెడుతూ మూగదానిలా కూర్చున్న చిట్టి కళ్ళముందు మెదిలింది.

ఏడో క్లిక్కు వినబడగానే ఇక ఆగలేకపోయింది.

"సారూ, తప్పు నాది" అంది. "కూర్చునేటప్పుడు నా కాలు తగిలి ఎడమపక్క లైటు తీగ ఊడినట్టుంది. అమ్మాయి వేసింది, నేను చూశాను. మళ్ళీ మొదటినుంచి తియ్యనివ్వండి."

పుట్టి బుద్ధెరిగాక ఇంత గడగడా అబద్ధమాడింది లేదు. కెమెరా చప్పుడు ఆగింది.

యజమాని లేచాడు. "ఏ లైటమ్మా?"

తల తిప్పకుండానే ఎడమచెయ్యి పక్కకి చాపింది. అరచేతికి లైటు వెచ్చగా తగిలింది. నిజంగానే ఇందాక వెలిగి ఆరిపోయినట్టుంది, తన అబద్ధానికి దేవుడే సాక్ష్యం పెట్టాడు అనుకుంది. "ఇదే. మీకు కనపడుతూనే ఉంది కదా, ఎంత చీకటిగా ఉందో."

యజమాని నడిచి వచ్చి ఆవిడకి ఎడమపక్కన ఆగినట్టున్నాడు, అడుగుల చప్పుడు అక్కడే ఆగింది. అక్కడ ఏం చేస్తున్నాడో ఆవిడకి తెలియలేదు.

"పిల్లని కోపంగా చూడకండి సారూ" అంది.

"పరీక్ష సంగతి మరిచిపోండమ్మా" అన్నాడాయన. గొంతు మారిపోయింది. "మీ అమ్మాయి మూడో ఫోటోకే నెగ్గింది. రేపటినుంచి ఈ కెమెరా ఆమెదే."

తల్లికి ఒక్కసారిగా ఒళ్ళు తేలికపడింది. నవ్వబోయి ఆగింది. చిట్టి కెమెరా వదిలేసి వచ్చి స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నెగ్గావంటున్నారుగా, ఏడుస్తావేమే? మరి ఆ లైటు..."

కూతురు రెండు చేతులతో తల్లి మొహాన్ని కదలకుండా పట్టుకుంది.

"అమ్మా, ఆ లైటు వెలుగుతూనే ఉంది."