సీసం గుర్రాలకి అలుపు

"కోట తలుపు తీసే ఉందేంటి అంకుల్?" అన్నాడు కళ్లద్దాల షాపు అబ్బాయి, పాచికలు గుప్పిట్లో బిగించి.

"మేకులు ఊడిపోయాయనుకో. యుద్ధమన్నాక సవాలక్ష జరుగుతాయి. నువ్వు లోపలికి రావోయ్," అన్నాడు తండ్రి.

భోజనాల బల్ల మీద పరిచిన ఆకుపచ్చ దుప్పటే యుద్ధభూమి. ఒక చివర అట్టతో కట్టిన తండ్రి కోట, కోట మధ్యలో బురుజు, బురుజు మీద వేలెడంత సీసపు రాకుమారి. ఆమె నీలం గౌనుకి రంగులు దిద్దింది కూతురే. తను పనిచేసే కట్టుడుపళ్ల లాబ్‌లో పళ్లకి ఛాయ వేసే సన్నటి కుంచెతో దిద్దింది. బల్లకి ఇవతల అబ్బాయి గుర్రపు దండు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఒక్క రౌతయినా బురుజు చేరి రాకుమారిని గుర్రం మీదికి ఎక్కించుకుంటే అబ్బాయి గెలిచినట్టు. లేకపోతే ఓడినట్టు.

ఈసారి గెలిచిన వాడికి రాకుమారితో పాటు కూతుర్ని కూడా ఇస్తానన్నాడు తండ్రి. ఓడితే మళ్లీ గుమ్మం తొక్కకూడదన్నాడు. "పిల్లనివ్వమని అడగడం కాదు, ముందు నా కోట కొట్టు చూద్దాం!" అని పోయిన ఆదివారం ఆట మిత్రులందరి ముందూ మీసం దువ్వాడు. ఆ కోటని కొట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అందుకే పొద్దున్నుంచీ కూతురికి ముద్ద మింగుడుపడలేదు.

"ఇంకా ఎంతసేపండీ?" వంటింట్లోంచి తల్లి కేకేసింది. "ఆదివారం వస్తే బల్ల మీద మీ సైన్యం, నేల మీద మేమూనా?"

"ఇవాళ్టితో ఆఖరే! వచ్చే వారం నుంచి నీ బల్ల నీదే."

"ఈ ముక్క వినీ వినీ నా చెవులు తూట్లుపడ్డాయి."

అబ్బాయి కోట తలుపు వంక చూశాడు. చూసి, గుర్రాలని పక్కకి తిప్పి, దుప్పటి మీద గోధుమరంగు గుడ్డముక్కతో చూపిన బురదలోకి దింపాడు.

"అటెందుకయ్యా? ఆ బురదలో దిగితే సగం మంది పోతారు!"

"రిస్కు తీసుకోవాలి కదంకుల్."

సగం మంది పోయారు. అయితే వింతేమిటంటే, మిగిలిన వాళ్ల మీద తండ్రి ఒక్క బాణం కూడా వేయించలేదు.

"మీ విలుకాళ్ల వంతు నాన్నా," అంది కూతురు ఉండబట్టలేక.

"వాళ్లు భోజనాలకి వెళ్లారు."

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఎప్పుడూ ఓడని నాన్న ఓడిపోవాలని చూస్తున్నాడు. నోరు విప్పి సరే అనడానికి బింకం అడ్డొచ్చి, ఇలా చెబుతున్నాడు. ఆమె కళ్లు చెమర్చాయి.

అబ్బాయి పాచిక వేశాడు. ఆరు! కూతురు చప్పట్లు కొట్టింది. అతను మాత్రం పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నవాడిలా బిగుసుకుపోయాడు. పాపం, కంగారు, అనుకుంది.

ఆ ఆరుతో ఒక రౌతు తలుపు దాటి నేరుగా బురుజు కిందికి వచ్చి నిలబడ్డాడు. ఇంక చెయ్యి చాపి రాకుమారిని ఎక్కించుకోవడమే తరువాయి. గడియారంలో ఇసుక అడుగంటుతోంది.

"ఎక్కించుకో!" అన్నాడు తండ్రి.

"ఒక్క నిమిషం అంకుల్. గుర్రాలు అలిసిపోయాయి."

"సీసం గుర్రాలకి అలుపేంటయ్యా!"

"ఇంత తేలిగ్గా ఉందంటే ఇందులో ఏదో మోసం ఉంది. ఎవరైనా మాటు వేసి ఉంటే?"

"ఎవడూ లేడు. ఉన్నవాళ్లంతా ఇప్పుడే చచ్చారు. ఇదిగో చూడు!" అంటూ తండ్రి తన సైన్యాన్నంతా అరచేత్తో బల్ల కిందికి ఊడ్చేశాడు.

"అయినా ముందూ వెనకా చూసుకోవాలి కదా," అంటూ అబ్బాయి బల్ల చుట్టూ తీరిగ్గా ఒక ప్రదక్షిణం చేశాడు. తిరిగి తన చోటికి వచ్చేసరికి ఇసుక అయిపోయింది.

"అయ్యో, ఓడిపోయానంకుల్!" అన్నాడు చటుక్కున. "నా రాత ఇంతే. మాటంటే మాట. ఇక మీ గుమ్మం తొక్కను."

తండ్రి ఇసుక గడియారాన్ని తలకిందులు చేశాడు. "ఎవడయ్యా అయిపోయిందన్నది? ఇదిగో, మళ్లీ నిండింది! ఆడు!"

అబ్బాయి అప్పటికే చెప్పులేసుకున్నాడు. తండ్రి వెంటపడి మెట్ల దాకా వెళ్లాడు. "ఒరే బాబూ, ఓడినా ఫరవాలేదురా! నీకే ఇస్తాన్రా, రారా!"

కింద నుంచి ఈల వినిపించింది. పెద్ద గండం గడిచినవాడు వేసే ఈల అది. దాన్ని పోల్చుకోలేనంత అమాయకురాలేం కాదు కూతురు.

తండ్రి కుంగిపోయి కుర్చీలో కూలబడ్డాడు. ఎన్నడూ ఎవరి ముందూ తగ్గని నాన్న తన కోసం ఇలా బతిమాలాడు. పోయినవాడి మీది దుఃఖం కూడా ఆ క్షణంలో చిన్నదైపోయింది. బురుజు మీది రాకుమారిని తీసి నాన్న అరచేతిలో పెట్టింది.

"పోనీ నాన్నా. మీరుండగా నాకేం తక్కువ? నేనెక్కడికీ వెళ్లను. జన్మంతా ఈ ఇంట్లోనే, నా గదిలోనే ఉంటాను."

తండ్రి మొహం పాలిపోయింది. నా మీద ఎంత బెంగ పెట్టుకున్నాడో, అనుకుంది కూతురు.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. వెనక్కి వచ్చాడేమో! ఆమె కళ్లు తుడుచుకుంటూ పరుగున వెళ్లి తలుపు తీసింది.

గుమ్మంలో టేపు పట్టుకుని వడ్రంగి నిలబడి ఉన్నాడు.

"అమ్మాయిగారి పెళ్లయ్యాక ఖాళీ అయ్యే గది ఏదమ్మా? అందులో సారు ఆటకి పెద్ద బల్ల చెయ్యాలట, కొలతలు తీసుకోమని రమ్మన్నారు."