అందించిన అక్షరం

1984. అమెరికాలోని నోవైలో మంచు కురుస్తున్న రాత్రి. పక్షవాతంతో మాట పడిపోయి, ఒంటరిగా ఉంటున్న గోపీనాథ్‌గారికి కొన్నాళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తోంది రేణు. సాయంత్రం ఆయనింట్లో రికార్డు చేసిన క్యాసెట్‌ని తన అపార్ట్‌మెంట్‌లో కూర్చుని వింటోంది.

"ఈ బొమ్మలో ఉన్నదేంటి అంకుల్?" అన్న తన గొంతు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఆపైన ఎవరో ఆడమనిషి మెల్లగా, "దు..." అని మొదటి అక్షరం అందించింది. వెంటనే ఆయన, "దువ్వెన" అన్నారు.

అందించింది రేణు కాదు. ఆ గదిలో ఉన్నది వాళ్లిద్దరే. ఆయన సొంతంగా చెప్పారని తను మెచ్చుకుంది కూడా.

వెంటనే ఫోన్ చేసింది. "అంకుల్, మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

రిసీవర్‌లో ఆయన ఊపిరి వినిపించింది. మాట కోసం తడుముకుంటున్నారు. అంతలో ఆయన పక్కనుంచి అదే గొంతు లాలనగా, "లే..." అంది.

"లేరమ్మా," అన్నారు గోపీనాథ్‌గారు.