నలుగురు ఆడపిల్లల ఫొటో

“చెప్పులు అక్కడే విడిచి రండి,” అన్నారు ధర్మరాజుగారు.

రమ్మన్నది అరుగు మీదికి కాదు, మెట్ల కిందికి. దానం మేష్టారూ, ఆయన భార్య జ్ఞానమ్మా వచ్చి ఎర్రటెండలో నిలబడ్డారు. అరుగు మీద ధర్మరాజుగారు, పక్క కుర్చీలో కరణం నారాయణమూర్తిగారు. రాజోలు తాలూకాలో తనకి ఎదురు చెప్పేవాడు ఇంకా పుట్టలేదని ధర్మరాజుగారు తరచూ చెప్పుకుంటూ ఉంటారు. కాదని చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు.

గొడవ రష్యాలో పుట్టింది. ధర్మరాజుగారి కూతురు కనకదుర్గ మాస్కోలో డాక్టరీ చదువుతోంది. మేష్టారి కొడుకు జోజి అక్కడే ఇంజనీరింగు చదువుతున్నాడు. నిరుడు కాలేజీలవాళ్ళు అందర్నీ కలిపి లెనిన్‌గ్రాడ్ చూపించడానికి తీసుకెళ్తే, అక్కడ నది ఒడ్డున వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారని, సెలవులకొచ్చిన రాజమండ్రి కుర్రాడొకడు రావులపాలెం బస్టాండులో వాగాడు. రావులపాలెంలో నోరు జారితే ఆ మాట అరటిగెలల లారీలెక్కి ఊరూరా తిరుగుతుంది. తిరిగింది. కనకదుర్గకి దాదాపు కుదిరిన కొత్తపేట సంబంధం వాళ్ళు “ఆలోచించుకుని చెబుతాం” అని కబురు పెట్టారు.

“ఏమయ్యా దానం! మీవాడు మా అమ్మాయి జోలికొచ్చాడని తేలిందనుకో, సాయంత్రానికి మీ ఇంటి మీద తాటాకు మిగలదు. తెల్లారేసరికి ఈ ఊళ్ళో మీరూ మిగలరు.”

ధర్మరాజుగారు ఇలాంటివి ఊరికే అనరు. మొన్న వేసవిలో ఇలాగే అన్నాక వీరాయమ్మ పాక కాలవగట్టు మీద మళ్ళీ కనపడలేదు.

“మావాడు అటువంటోడు కాదండీ,” అన్నారు మేష్టారు.

“నీ మాటెవడిక్కావాలి? సంగతేమిటో రాయమని అమ్మాయికి ఉత్తరం రాస్తే ఫొటోయే పంపింది. మొన్న స్నేహితురాళ్ళతో మళ్ళీ లెనిన్‌గ్రాడ్ వెళ్ళిందంట. అప్పుడూ వీళ్ళతోటే తిరిగేనూ, ఇందులో మగపురుగుంటే చూపించండి నాన్నగారూ అని రాసింది. చూడండి కరణంగారూ!”

కరణంగారు కళ్ళజోడు తుడుచుకుని ఫొటో అందుకున్నారు.

“నలుగురూ ఆడపిల్లలేనండీ. ముగ్గురు తెల్లోళ్ళు, మధ్యలో మన దుర్గమ్మ.”

“వేషం చూసేరా? మోకాళ్ళు దాటిన కోటు, మెడదాకా గుండీలు! అంత చలిదేశం వెళ్ళినా నా పెంపకం మర్చిపోలేదు.”

చలిదేశంలో కోటు తొడుక్కోవడానికి పెంపకం ఎందుకో కరణంగారికి తెలియలేదు. అయినా తలూపారు.

“పైగుండీ మట్టుకు వేరేలా ఉందండీ. అన్నీ నల్లగా ఉంటే అదొక్కటీ గోధుమరంగు.”

“అక్కడి ఫేషనండీ అది. మనకేం తెలుస్తుంది?”

“నవ్వుతుందండోయ్! మనూళ్ళో ఎన్ని ఫొటోలు తీయించినా మొహం ముడుచుకునే ఉండేది కదండీ.”

“కెమేరా మంచిదై ఉంటుంది,” అని తేల్చేసి, ధర్మరాజుగారు మేష్టారి వైపు తిరిగారు. “మరి ఈ ఫొటో తీసిన రోజుల్లో మీవాడెక్కడ తగలడ్డాడు?”

“హాస్టల్లోనే అండీ. పడిశం పట్టి, జ్వరం తగిలి వారం రోజులు మంచం దిగలేదని రాసేడండీ.”

“చలికి ఒళ్ళు కాపాడుకోవడం తెలీదండీ ఆడికి,” అంది జ్ఞానమ్మ. కొడుకు జ్వరం కబురు విన్న దగ్గర్నుంచీ ఆమెకి ముద్ద దిగడం లేదు.

“మంచం దిగనోడు ఊళ్ళెలా తిరుగుతాడండీ?” అన్నారు కరణంగారు. “అంతా పుకారే. ఈ ఫొటో పట్టుకుని రేపే కొత్తపేట వెళ్దాం. సంబంధం ఎందుకు ఖాయం కాదో చూద్దాం.”

ధర్మరాజుగారు మీసం సవరించుకున్నారు. ఎండలో ఉన్నవాళ్ళని మాత్రం ఊరికే వదలబుద్ధి కాలేదు. ఫొటోని మెట్ల మీదికి విసిరారు.

“నువ్వూ చూడు. మా పిల్ల పక్కన నిలబడే మొహమేనా మీవాడిది?”

జ్ఞానమ్మ వంగి ఫొటో తీసింది. దానికంటిన దుమ్ము పమిటచెంగుతో తుడిచింది. చూసింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది.

“ఏం, కనపడ్డాడా?” అన్నారు ధర్మరాజుగారు.

జ్ఞానమ్మ తలెత్తి, కాలవకి అవతల ఉన్న తన ఇంటి కప్పు వైపు చూసింది. చెమటలు కారుతున్న భర్త మొహం చూసింది. రెండు చేతులతో ఫొటో మెట్టు మీద పెట్టింది.

“లేడండీ. మావాడు ఇందులో లేడండీ.”

అమలాపురం దర్జీ గుండీ ఒకటి తక్కువ పెడితే, జోజి రైలెక్కే ముందురోజు జ్ఞానమ్మ కొబ్బరిచిప్ప అరగదీసి తన చేత్తో అతని కోటుకి కుట్టిన గుండీ, ఫొటోలో కనకదుర్గ మెడ కింద గోధుమరంగులో మెరుస్తోంది.