పైల్వాన్ల భస్మం

పావగడ డాక్టరు వేలితో నొక్కగానే కొల్లప్ప కాలిమీద గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఇది కండ కాదు, నీరు. బలానికని ఏళ్ళ తరబడి తిన్న లోహభస్మం నీ మూత్రపిండాలను పాడుచేసింది. ఆపకపోతే దక్కవు" అన్నాడు డాక్టరు.

"మైసూరు రాజుగారి పైల్వాన్లు తినే భస్మం! నేనెందుకు ఆపల్ల?" అంటూ కొల్లప్ప ఇంటికొచ్చేశాడు.

భార్య ఓబక్క ఎదురాడలేదు. "ఇంకమీద నేనే బెల్లంలో కలిపి పెడతాలే" అని భస్మం డబ్బీ తీసుకుంది.

కొన్ని నెలలకు వాపు తీసింది. డబ్బీ కూడా ఖాళీ అయింది.

"చూస్తివా, భస్మం మహిమ!" అంటూ కొల్లప్ప ఇత్తడి చెంబు ఎత్తాడు. "ఇదేంది, చెంబు ఇట్ల తళతళమంటాండాది?"

"అదీ భస్మం మహిమే" అంది ఓబక్క. "రోజూ దాంతోనే తోమినా. నువ్వు తినింది వేంచిన రాగిపిండి."