ఆరో సెంటీమీటరు

"ఇంత పొడుగు ప్యాంటు ఎవరికిరా?" బ్యాగు సర్దుతున్న అక్క అడిగింది.

"నాకే. తిరిగొచ్చేటప్పుడు వేసుకుంటా."

అక్క నవ్వబోయి ఆగింది. ప్యాంటు నాలుగు మడతలు వేసి, బట్టలన్నిటికీ అడుగున పెట్టింది.

"కాళ్ళు విరగ్గొట్టించుకోడానికి ఇంత సంబరపడేవాణ్ణి నిన్నే చూశాను."

"విరగ్గొట్టరక్కా. ఎముక కోసి, రోజుకో మిల్లీమీటరు ఎడం చేస్తారు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది."

అతను పుస్తకాల కొట్టులో పనిచేస్తాడు. అక్కడ అందరూ 'స్టూలు' అని పిలుస్తారు. ఎటు కదిలినా చేతిలో స్టూలుండాలి మరి. మునివేళ్ళ మీద లేచినా పై అరకు ఆరు సెంటీమీటర్లు తక్కువ. ఆ ఆరు కోసమే ఈ ప్రయాణం.

మత్తు సూది పడగానే కలొచ్చింది. కాళ్ళు తీగల్లా సాగి కొట్టు పైకప్పు దాటాయి. మబ్బుల్లోంచి ఎవరో అడుగుతున్నారు, "ఆ పుస్తకం కాస్త అందిస్తావా, బాబూ?"

కళ్ళు తెరిచేసరికి మోకాళ్ళ కింద నుంచి చీలమండల దాకా ఇనప చట్రాలు.

ఆసుపత్రి వెనకే, కోలుకునేవాళ్ళు ఉండే ఇల్లు. రోజుకు నాలుగుసార్లు చిన్న స్పానరుతో చట్రం మరలు పావు చుట్టు తిప్పుకోవాలి. తిప్పడం, పడుకోవడం, తెల్లటి తెర గాలికి ఉబ్బి మళ్ళీ వాలడం చూడటం. కల ఎక్కడ ఆగిందో, మెలకువ ఎక్కడ మొదలైందో తెలియని రోజులు.

ఆ ఇంట్లో ఒక టైలరమ్మ ఉండేది. చట్రాల మీదుగా ఎక్కేలా అందరి ప్యాంట్లూ పక్కల చీల్చి నాడాలు కుట్టడం ఆమె పని. ఎవరూ చెప్పకపోయినా ఆదివారం ఆదివారం టేపు తెచ్చి, మోకాలి నుంచి మడమ దాకా కొలిచేది.

"పెరిగానా అమ్మా?"

"పెరక్కేం! నలభై రెండుతో మొదలైన కాలు, నలభై ఐదైంది. ఏదీ, పాదం పైకెత్తు. బొటనవేలు తెలుస్తోందా?"

"మీరు డాక్టరా, టైలరా?"

"దారం ఎంతవరకు లాగొచ్చో తెలిసినదాన్ని."

ఆమె మిషను కింద ఒక జిప్పు బ్యాగు ఉండేది. దాన్ని రోజూ తుడిచేది. తెరిచేది కాదు.

"ఎవరిదమ్మా అది?"

"ఇంటికెళ్ళాల్సిన ఒకమ్మాయిది."

"ఎప్పుడొస్తుంది?"

"కాలు కదపకు బాబూ, కొలత తప్పుతుంది."

యాభయ్యో రోజున డాక్టరు పాదం పట్టుకుని చూశాడు.

"నరం లాగేస్తోంది. పాదం వాలుతోంది. ఐదొచ్చాయి, చాలు."

"ఆరు అనుకున్నాం కదండీ!"

"మనం అనుకున్నాం. కాలు అనుకోలేదు." స్పానరు తీసుకుని వెళ్ళిపోయాడు.

అతని దిండు గలేబులో ఇంకో స్పానరు ఉంది. ఇంటికెళుతూ పక్క మంచం అతను ఇచ్చిపోయాడు. రేపటి నుంచి పది రోజులు, ఎవరూ చూడకుండా తిప్పుకుంటే చాలు.

ఆ సాయంత్రమే టైలరమ్మ చిరిగిన గలేబు కుట్టడానికని లాగింది. స్పానరు ఠంగున నేల మీద పడింది.

ఆమె వంగి తీసింది. చాలాసేపు చూసింది. అతని చేతిలో పెట్టి వెళ్ళింది.

తెల్లారగానే టేపుతో వచ్చింది.

"ఇవాళ గురువారం కదమ్మా?"

"కొలవాలనిపించింది." టేపు కొస మోకాలి దగ్గర బొటనవేలితో నొక్కిపెట్టింది. "మడమ దగ్గర నువ్వే చదువు."

"నలభై ఎనిమిది! ఆరొచ్చాయి! మరి డాక్టరు ఐదే అన్నాడే?"

"ఆయన ఎముకను చూస్తాడు. నేను మనిషిని కొలుస్తాను."

ఆశపడ్డవాడికి కంటి ముందు అంకె కనబడింది. ఇంకేం కావాలి? స్పానరు తనే ఆమెకిచ్చేశాడు. ఆ మధ్యాహ్నం కలలో పై అర దానంతటదే కిందికి దిగి, అతని భుజం తట్టింది.

ఐదు నెలలకు చట్రాలు తీశారు. డాక్టరు కాగితం మీద ఐదు అని రాశాడు.

"ఆరు కదండీ!"

"ఐదే. బుద్ధిగా ఆపావు కాబట్టి పాదం దక్కింది."

చేతికర్రలతో టకటకా కుట్టుగదికి వెళ్ళాడు.

"మోసం చేశావు నన్ను! నాకింకా స్టూలు కావాలి! తెలుసా?"

అందరూ తలుపు దగ్గర మూగారు. ఆమె పంటితో దారం తెంపింది.

"నీ పొడుగు ప్యాంటు అంచు మడిచాను బాబూ. వేసుకుని వెళ్ళు."

అతను ఆ ఇల్లు చూసుకునే మేట్రనుకు ఫిర్యాదు రాసిచ్చాడు.

మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కింద బ్యాగు లేదు. మడతపెట్టిన ప్యాంటు మీద టేపు చుట్ట మాత్రం ఉంది. విప్పి చూశాడు. ఒకటితో మొదలైంది. మొదటి సెంటీమీటరు కత్తిరించి, దారాలు ఊడకుండా కొస కుట్టేసి ఉంది.

ప్యాంటు వేసుకున్నాడు. అంచు సరిగ్గా చీలమండ మీద ఆగింది. చేతికర్రల ఊతంతో వరండా మెట్లు దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ప్రతి మెట్టుకూ పాదం తేలిగ్గా లేచింది, తనది కానట్టుగా, కలలోలా.

"ఎక్కడికెళ్ళిందండీ ఆవిడ?"

"నాకు చెబితే కదా," అంది మేట్రను. "నీలాంటివాడు ఏడాదికొకడు వస్తాడు. ఆ టేపు మీ కోసమే కత్తిరించి పెట్టుకుంది."

"ఆ బ్యాగు?"

"దాన్ని సర్దింది తనే. లోపల పొడుగు ప్యాంటు కూడా ఉంది, అంచు మడవలేదు."

ఐదు దగ్గర ఆగమంటే ఆగక, దాచుకున్న స్పానరుతో ఆరో సెంటీమీటరు తిప్పుకుని, చచ్చుబడ్డ పాదం బాగు చేయించుకోడానికి రెండోసారి ఆపరేషన్ గదిలోకి వెళ్ళిన టైలరమ్మ కూతురు, తొమ్మిదేళ్ళ కిందట, నవంబరు పదకొండు, గురువారం, తిరిగి రాలేదు.